కంప్యూటర్ ఎప్పుడు తెరవాలి? పనిలో సృజనకు సాధనాలు సాయపడే చోటూ, అడ్డుపడే చోటూ

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దానికి ముందు రోజుల్లో ఊళ్లో ఏ ఫ్లెక్సీ షాపుకి వెళ్లినా కుర్చీ ఖాళీ ఉండదు. స్వాగతం బ్యానర్లు, అన్నదానం బ్యానర్లు, పార్టీల వాళ్లవి, సంఘాలవి, కోచింగ్ సెంటర్లవి. కంప్యూటర్ ముందున్న కుర్రాడు కోరల్‌డ్రా అనే డిజైను సాఫ్ట్‌వేర్‌లో పాత ఫైలు తెరుస్తాడు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పెడతాడు, పేరు మారుస్తాడు, అరగంటలో ప్రింటుకి పంపేస్తాడు. ఆర్డరిచ్చినాయన చూసి, "ఏటి బావూ, మొన్న వినాయక చవితికి కట్టినదాన్నాగే ఉంది గదా!" అంటాడు. అంటూనే డబ్బులిచ్చి తీసుకుపోతాడు. టైం లేదు మరి.

ఆ కుర్రాడికి సాధనాల లోటేమీ లేదు. కోరల్‌డ్రా ఉంది, ఫొటోషాప్ ఉంది, హార్డ్‌డిస్కు నిండా పీఎస్‌డీ (ఫొటోషాప్) ఫైళ్లున్నాయి, ఫోన్‌లో కాన్వా అనే రెడీమేడ్ డిజైన్ల యాప్ ఉంది, ఈమధ్య అడిగిన బొమ్మ గీసిపెట్టే ఏఐ కూడా వచ్చింది. అయినా బ్యానర్లన్నీ ఒక్కలాగే ఉంటున్నాయి. సాధనం కొంటే సృజన దానంతటదే వస్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాట ఇక్కడ నిలవలేదు. అలాగని కంప్యూటర్ వచ్చాకే కుర్రాళ్ల బుర్ర మొద్దుబారిందన్న మాటా నిజం కాదు. రెండు మాటల్లోనూ సృజనంటే ఒకే పని అన్న లెక్క ఉంది. చిక్కంతా ఆ లెక్కలోనే.

కాస్త దగ్గరగా చూస్తే అందులో కనీసం నాలుగు పనులుంటాయి. ముడిసరుకు పోగేసుకోవాలి, నాలుగైదు దారులు ఆలోచించాలి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి, దాన్ని చెక్కి పూర్తిచేయాలి. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జె.పి. గిల్ఫర్డ్ 1950ల నాటికే ఆలోచనను రెండుగా విడదీసి చూపించాడు: ఒకటి నలుదిక్కులకూ పోయేది, రెండోది అన్నిటినీ ఒకచోటికి తెచ్చేది. అంతకు ముందే, 1926లో, గ్రాహం వాలస్ అనే ఇంగ్లండు ఆయన సిద్ధం కావడం, పక్కన పెట్టి నాననివ్వడం, తట్టడం, సరిచూసుకోవడం అని నాలుగు దశలు చెప్పాడు. అసలు పనిలో ఇవి వరసగా రావు, ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాయి. అయితే ఒక్కోదానికి బుర్ర ఒక్కో తీరులో ఉండాలి. ఒకదానికి బాగా పనికొచ్చే సాధనమే ఇంకోదాన్ని పాడుచేయగలదు. యాప్‌ల ప్రకటనల్లో ఈ తేడా ఎవరూ చెప్పరు.

ముందు చివరి పని సంగతి చూద్దాం. కంప్యూటర్ గొప్పతనం ఎక్కువగా కనిపించేది అక్కడే. చేత్తో బోర్డులు రాసిన రోజుల్లో ఆర్టిస్టు గోడ మీద గళ్లు గీసుకుని, రంగు కలుపుకుని కుంచె పెట్టాడంటే, నచ్చలేదని వెనక్కి తీసుకోవడం ఖర్చుతో కూడిన పని. అందుకే చేతికి అలవాటైన అక్షరమే రాసేవాడు. ఇప్పుడు కంట్రోల్ జెడ్ నొక్కితే జరిగింది జరగనట్టే. పసుపు మీద ఎర్ర అక్షరాలు ఎలా ఉంటాయో, నీలం మీద తెల్లవి ఎలా ఉంటాయో ఐదు నిమిషాల్లో పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. తప్పు చేసినా పోయేదేమీ లేకపోవడం, డిజిటల్ సాధనాలు సృజనకు చేసిన అసలు మేలు. నా మటుకు నాకు ఏఐ కంటే ఇదే పెద్దది.

ఈ దశలోనే చిన్నచిన్న సంగతులు తెలియక టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోయి వస్తుంది, పెద్దది చేస్తే ముఖం గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే అసలు సైజులో వస్తుంది. ఆర్డరిచ్చినవాళ్లు ఫోన్‌లో టైపు చేసి పంపేది యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోన్‌లోనైనా చదవగలిగేది. షాపులో చాలామంది వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో దాన్ని నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్‌లో వేసి మార్చినా ఒకటి రెండు ఒత్తులు జారిపోతుంటాయి. స్క్రీన్ మీద మెరిసిన చిలకపచ్చ ప్రింటులో మసకబారుతుంది, ఎందుకంటే స్క్రీన్ రంగు వెలుగుతో తయారైంది, ప్రింటు రంగు ఇంకుతో. వీటికీ సృజనకీ ఏం సంబంధమని అడగొచ్చు. వీటి మీద తగలేసే గంటే ఆలోచనకు మిగలాల్సిన గంట. "ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపండి" అని షాపు గోడకి ఒక కాగితం అంటిస్తే, కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నదానికంటే ఎక్కువ లాభం ఉండొచ్చు.

సరిచూసుకోవడంలోనూ సాధనం బాగా అక్కరకొస్తుంది, దాని లెక్క ఏమిటో మనకు తెలిస్తే. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు. ఒకే దుంగను తొలిచి వీణ తీయడం ఆ ఊరి ప్రత్యేకత. చెక్క పని అయ్యాక మైనం మీద 24 మెట్లు, అంటే తీగను నొక్కిపట్టే లోహపు కడ్డీలు, కూర్చాలి. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తేడా కొడుతుంది. ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ ఏ స్వరం ఎంత ఎక్కువుందో, ఎంత తక్కువుందో ముల్లుతో చూపించేస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడికి అది గొప్ప ఆసరా. కాకపోతే ఆ యాప్‌లు చాలావరకు పాశ్చాత్య కీబోర్డు లెక్కలో, స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న దూరాన్ని, 12 సమాన భాగాలు చేసి చూస్తాయి. మన సంగీతంలో కొన్ని స్వరాలు ఆ గీత మీద కచ్చితంగా కూర్చోవు. యాప్ ముల్లు మధ్యలో నిలబడింది కాబట్టి సరిపోయిందనుకుంటే, వీణ వాయించేవాళ్లు మళ్లీ పట్టుకొస్తారు. ప్రతి సాధనంలోనూ దాన్ని తయారుచేసినవాళ్ల లెక్క ఒకటి దాగి ఉంటుంది.

ఐడియా దగ్గరే అసలు చిక్కు

నలుదిక్కులకూ ఆలోచన పోవాల్సిన సమయంలో కంప్యూటర్ తెరిస్తే ఏమవుతుంది? టెంప్లేట్, అంటే ముందే తయారుచేసి పెట్టిన నమూనా, కనిపిస్తుంది. కనిపించాక దాన్ని దాటి ఆలోచించడం మనం అనుకున్నంత తేలిక కాదు. దీని మీద 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజినీరింగ్ వాళ్లకు ఒలకని కాఫీ కప్పు గీయమని పనిచ్చారు. కొందరికి ముందుగా ఒక నమూనా చూపించారు. అందులో స్ట్రా ఉంది. మీ కప్పులో మాత్రం స్ట్రా పెట్టొద్దని స్పష్టంగా చెప్పారు కూడా. అయినా నమూనా చూసినవాళ్ల బొమ్మల్లో స్ట్రాలు, చూడనివాళ్ల బొమ్మల్లోకంటే ఎక్కువగా వచ్చేశాయి. వద్దన్నదే వచ్చిందంటే, ఎవరూ వద్దనని కాన్వా టెంప్లేట్ సంగతి వేరే చెప్పాలా?

ఏఐతో ఇది ఇంకో మలుపు తిరిగింది. 2024లో డోషి, హౌజర్ అనే పరిశోధకులు సుమారు 300 మంది చేత చిన్న కథలు రాయించారు. కొందరికి ఏఐ ఇచ్చిన ఐడియాలు చూసే వీలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఏఐ సాయం ఉన్న కథలు బాగున్నాయని చదివినవాళ్లు మార్కులేశారు. సొంతంగా అంత సృజన లేనివాళ్లకు లాభం మరీ ఎక్కువ కనిపించింది. కానీ కథలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, ఏఐ సాయంతో వచ్చినవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఎవరికి వాళ్లకు చూస్తే మెరుగు, మొత్తంగా చూస్తే ఒకటే మూస. ఫ్లెక్సీ షాపులో జరిగేదీ ఇదే. ఒక్కో బ్యానర్‌ను విడిగా చూస్తే పదేళ్ల కిందటి దానికంటే నీటుగానే ఉంటుంది. విజయనగరంలో కోట నుంచి మూడు లాంతర్ల జంక్షన్ దాకా నడిస్తే తెలుస్తుంది సంగతి.

పైగా ఏఐ చూసిన ప్రపంచంలో మన ఊరు చాలా చిన్నది. సిరిమాను అంటే పొడవాటి చింతమాను, దాని కొసన పీటమీద పూజారి కూర్చుంటాడు, కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఉంటాయి. ఏఐని సిరిమాను బొమ్మ అడిగితే ఏదో ఒక రథం, దాని మీద బంగారు గొడుగు, వెనక తమిళనాడు గోపురం వచ్చే అవకాశమే ఎక్కువ. ఇక బొమ్మలో తెలుగు అక్షరాలు కూడా దాన్నే రాయమంటే ఒత్తులూ గుణింతాలూ తారుమారు. ఈమధ్య కాస్త మెరుగుపడింది గానీ నమ్మి ప్రింటుకి పంపే స్థాయి కాదు. బొమ్మ వరకే తీసుకుని అక్షరాలు మన ఫాంటులో మనమే పెట్టుకోవడం క్షేమం.

మరి ఏఐని పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు, వంతు మారిస్తే చాలు. మొదటి పది నిమిషాలు పాత బిల్లు కాగితం వెనకైనా సరే, పెన్నుతో నాలుగు గీతలు మనమే గీసుకోవాలి. వికారంగా ఉన్నా పరవాలేదు, వికారంగా ఉంటేనే మేలు. కంప్యూటర్‌లో గీసింది మొదటి నిమిషంలోనే పూర్తయినట్టు నీటుగా కనిపిస్తుంది, అప్పుడు దాన్ని మార్చబుద్ధి కాదు, మార్చమని చెప్పడానికి ఎదుటివాళ్లకీ నోరు రాదు. కాగితం మీది పిచ్చిగీత చూసి ఎవరైనా ఏదైనా అనగలరు. ఆ తర్వాత ఏఐని పిలిచి, "అన్నదానం బ్యానర్ మీద అందరూ వాడే పది బొమ్మలు చెప్పు" అని అడగండి. కలశం, అరటాకు, విస్తరి, నమస్కారం పెట్టే చేతులు అంటూ జాబితా ఇస్తుంది. ఆ పదీ కొట్టేయండి. మూసను ఊహించడంలో దానికి తిరుగులేదు, ఆ తెలివిని మూస తప్పించుకోవడానికి వాడుకోవచ్చు. లేదంటే మన గీతను ఫొటో తీసి పెట్టి, "బండి మీద వెళ్లేవాడు మూడు సెకన్లలో చదవాలి, ఏ మాట తీసేయాలి?" అని అడగండి. ఐడియా కోసం అడిగిన దానికంటే తప్పులు పట్టమని అడిగినప్పుడు అది ఎక్కువ పనికొస్తుంది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉంటారు.

మీటింగులో మాట్లాడేకంటే టైపు చేయడం మేలు

ఇది షాపుల గొడవ మాత్రమే కాదు. మండల ఆఫీసులో డెంగీ మీద ప్రచారం ఎలా చేయాలన్నా, బడిలో సైన్సు ఫేరుకి ఏం పెట్టాలన్నా, ముందు మీటింగు పెడతారు. పెద్దసారు ఒక మాట అంటారు. "అవునండి, అదే బాగుంటుందండి" అని ముగ్గురు. మీటింగు అయిపోయింది.

అందరూ కూర్చుని గలగలా మాట్లాడుకుంటే ఐడియాలు పుడతాయన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినాయన అలెక్స్ ఆస్బోర్న్, అమెరికాలో అడ్వర్టైజింగ్ కంపెనీ నడిపినాయన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1958లోనే యేల్ యూనివర్సిటీలో లెక్కపెట్టి చూశారు: నలుగురు కలిసి కూర్చుని చెప్పిన ఐడియాలకంటే, నలుగురూ విడివిడిగా కూర్చుని రాసినవి కలిపితే ఎక్కువ వచ్చాయి. ఎందుకలా అన్నదానికి 1987లో డీల్, స్ట్రోబె ఇచ్చిన జవాబు సూటిగా ఉంటుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు తట్టింది మర్చిపోతాం, లేదా ఎందుకులే అని మింగేస్తాం. మన దగ్గర దీనికి హోదా భయం అదనం. జీపు డ్రైవరుకి ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో అందరికంటే బాగా తెలుసు, ఆయన నోరు విప్పడు.

సరిగ్గా ఇక్కడ డిజిటల్ సాధనానికి పనుంది. అందరూ ఒకేసారి టైపు చేస్తే ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు. పేర్లు అడగని గూగుల్ ఫారం ఒకటి ముందురోజు పంపి, "మీకు తోచినవి మూడు రాయండి, తెలుగులో మాట్లాడి అయినా టైపు చేయించండి" అంటే చాలు. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు పడతాయని తెలియనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మీటింగును అలా వచ్చిన కాగితంతో మొదలుపెట్టాలి, పెద్దసారు ఆఖర్న మాట్లాడాలి. ఇదే పని వాట్సాప్ గ్రూపులో చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అక్కడ ఎవరు ముందు పెట్టారో, సారు దేనికి బొటనవేలు చూపించారో అందరికీ కనిపిస్తుంది.

శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేసే కుర్రాళ్లకు వేరే సమస్య. వాళ్ల మీటింగులన్నీ వీడియోలోనే. బ్రక్స్, లెవావ్ అనే ఇద్దరు 2022లో ప్రచురించిన పరిశోధనలో 602 మందిని జతలుగా చేసి, కొందరిని ఒకే గదిలో, కొందరిని వీడియోలో కలిపి ఐడియాలు చెప్పమన్నారు. వీడియో జతలకు తక్కువ ఐడియాలొచ్చాయి. ఐదు దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, సుమారు 1,500 మంది ఇంజినీర్లతో చేసినప్పుడూ అదే ఫలితం. కారణంగా వాళ్లు చూపించింది చూపునే. వీడియోలో కళ్లు స్క్రీన్‌కి అతుక్కుపోతాయి, చూపుతోపాటు ఆలోచన కూడా ఇరుకవుతుంది. అయితే వచ్చిన ఐడియాల్లో మంచిదేదో ఎంచుకోవడంలో వీడియో జతలు ఏమీ వెనకబడలేదు. అంటే ఎంపిక వీడియోలో పెట్టుకోవచ్చు, పుట్టించే పని మాత్రం వేరే చోట చేసుకోవాలి. ఎక్కడంటే, నడుస్తూ. నడుస్తున్నప్పుడు ఐడియాలు ఎక్కువ వస్తాయని 2014లో స్టాన్‌ఫర్డ్‌లో ఒపెజో, ష్వార్ట్జ్ చూపించారు. కాల్ మామూలు ఆడియోలో పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్‌తో నాగావళి ఒడ్డున నడుస్తూ మాట్లాడితే మేనేజర్‌కి తెలిసేదీ లేదు, పోయేదీ లేదు.

నోటిఫికేషన్ల గురించి అందరూ చెప్పేదే గనుక ఒక్క మాటతో సరిపెడతాను. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే మొదటిదాని మీద ధ్యాస కొంత అక్కడే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ 2009లో రాసింది. అరగంట ఫోన్ బోర్లా పెట్టండి, చాలు.

ఇక మిగిలింది సరుకు పోగేయడం. మన ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లకు అన్నిటికంటే లాభం ఉన్నది ఇందులోనే, అందరూ వదిలేసేదీ ఇదే. పలాస బడిలో టీచరు భిన్నాల పాఠానికి ఉదాహరణ కావాలని ఏఐని అడిగితే పిజ్జాను ఎనిమిది ముక్కలు చేసి ఇస్తుంది. ఆ క్లాసులో సగం మంది ఇళ్లలో ఎవరో ఒకరు జీడిపప్పు పనికి వెళ్తారు. పప్పు విడిస్తే రెండు బద్దలు, బద్ద విరిగితే ముక్క. సగం, పావు అంటే ఏమిటో ఆ పిల్లలకు చేతి వేళ్లకు తెలుసు. కేజీ పప్పులో బద్ద ఎంత, ముక్క ఎంత అని లెక్కిస్తే పాఠం అక్కడే ఉంది. ఇది ఇంటర్నెట్‌లో పెద్దగా లేదు గనుక ఏఐకి తట్టదు, టీచరు దగ్గరుంది గనుక టీచరే అందించాలి. "మా పిల్లలకు జీడిపప్పు గ్రేడింగు తెలుసు, దాంతో ఐదు లెక్కలు తయారుచెయ్యి" అని చెబితే అప్పుడు చకచకా ఇస్తుంది, తప్పుల్లేవని ఒకసారి సరిచూసుకుంటే సరి.

అందుకని ఫోన్ కెమెరాని సెల్ఫీలకే కాకుండా పోగేయడానికి వాడాలి. పాత ఇళ్ల గుమ్మాల చెక్కడాలు, చేత్తో రాసిన పాత షాపు బోర్డుల అక్షరాలు, బుడితి ఇత్తడి సామాను మీద గీతలు, పొందూరు ఖద్దరు అంచులు కనిపించినప్పుడల్లా ఒక ఫొటో తీసి, ఒకే ఫోల్డర్‌లో వేసి, రెండు ముక్కలు గొంతుతో చెప్పి పెట్టుకుంటే ఏడాదికి ఎవరి దగ్గరా లేని సరుకు తయారవుతుంది. ఒక జాగ్రత్త. సవర గిరిజనులు గోడల మీద వేసే బొమ్మలు చూడ్డానికి బాగున్నాయని గూగుల్‌లోంచి తీసి సంచుల మీద అచ్చేస్తున్నారు. అవి వాళ్ల దేవతలకూ పితరులకూ సంబంధించినవి. వేసినవాళ్లను అడిగి, డబ్బులిచ్చి వేయించుకోవడమే పద్ధతి. ఆర్డరిచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, ఆఫీసు ఫైళ్లు కూడా ఇలాగే, ఉచితంగా దొరికే ఏఐలో పడేయకూడదు.

అన్ని ఆర్డర్లకీ ఇదంతా చేయమనడం లేదు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో కొత్తదనం ఎవరికీ అక్కర్లేదు, పోయినాయన ఫొటో స్పష్టంగా, తేదీలు తప్పు లేకుండా ఉంటే చాలు. అద్దెకు ఇల్లు కలదు, ట్యూషన్లు చెప్పబడును లాంటివాటికి టెంప్లేట్ వాడేయడమే తెలివి. ఆలోచన ఖర్చు పెట్టాల్సిన ఆర్డరు వందలో ఏ పదో ఉంటుంది, అదేదో గుర్తుపట్టడం కూడా పనిలో భాగమే.

ఆ పదింటికీ టైం ఎక్కడిది అన్నది మాత్రం సాఫ్ట్‌వేర్‌తో తేలేది కాదు. ఫ్లెక్సీ రేటు చదరపు అడుగుల్లో ఉంటుంది, డిజైను దాంట్లోనే కలిసిపోతుంది, అంటే ఉచితం. సాధనం మిగిల్చిన అరగంట ఇంకో ఆర్డర్‌కే పోతుంది. ఆఫీసులోనూ అంతే, ఏఐతో రిపోర్టు గంటలో అయిపోతే మధ్యాహ్నానికి రెండోది టేబుల్ మీద ఉంటుంది. షాపువాళ్లకైతే ఒక వెసులుబాటుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, శుభలేఖల పని పడిపోతుంది. ఫోల్డర్‌లో పోగేసిన గుమ్మాల చెక్కడాలతో, ఖద్దరు అంచులతో నాలుగు శుభలేఖలు అప్పుడు తీరిగ్గా తయారుచేసుకుని, డిజైను చార్జి వేరుగా రాసి ఆల్బంలో ముందు పేజీల్లో పెట్టొచ్చు. శ్రావణంలో వచ్చే పెళ్లివారు కార్డుకి ఇంతని బేరమాడతారు గానీ, ఊళ్లో ఇంకెవరూ వేయించుకోని కార్డంటే డిజైను డబ్బుల దగ్గర అంతగా పట్టుబట్టరు.